టోపోషీటు మీద పెన్సిలు గుర్తులు: కొండదారుల్లో కాగితపు పటాన్ని వాడే పద్ధతి

1:50,000 స్కేలు పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లకు సమానం. బాగా చెక్కిన పెన్సిలు గీత వెడల్పు అర మిల్లీమీటరు అనుకుంటే అది 25 మీటర్ల నేలను కప్పుతుంది. అదే దారిని నాలుగు మిల్లీమీటర్ల మొన ఉన్న హైలైటరుతో గీస్తే 200 మీటర్ల వెడల్పున నేల, అందులో ఉన్న వాగు, కాలిబాట, కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అన్నీ ఆ రంగు కింద మసకబారిపోతాయి. పటం మీద గుర్తులు పెట్టడం గురించి చెప్పవలసినదాంట్లో సగం ఈ లెక్కలోనే ఉంది. మిగతా సగం, దేన్ని ఎప్పుడు గుర్తు పెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్న విచక్షణకు సంబంధించినది. అనంతగిరి, అరకు ప్రాంతపు కొండల్లో నడిచేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను. నల్లమలలోనైనా శేషాచలంలోనైనా పద్ధతి మారదు. కాకపోతే రిజర్వు అడవిలో అడుగుపెట్టే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, ఆ కాగితం నకలు పటంతో పాటే ఉండాలి.

షీటును వెతకడం, ముద్రించడం

మన దేశపు స్థలవర్ణన పటాలను, అంటే టోపోషీట్లను, 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తయారు చేస్తుంది. 2005 నాటి జాతీయ పటాల విధానంతో పౌరుల కోసం ఓపెన్ సిరీస్ పటాలు వచ్చాయి. 2017 నుంచి వాటి పీడీఎఫ్ ప్రతులను ఆ సంస్థ పోర్టల్‌లో నమోదు చేసుకొని ఉచితంగా దించుకొనే వీలు కలిగింది. పాత షీట్ల సంఖ్యలు చూడగానే తికమకగా అనిపిస్తాయి కానీ వాటి వెనుక ఉన్న లెక్క చాలా సరళమైనది. నాలుగు డిగ్రీల చదరానికి ఒక అంకె, దానిలోని ఒక్కొక్క డిగ్రీ చదరానికి ఏ నుంచి పి వరకు ఒక అక్షరం, దానిలోని పదిహేను నిమిషాల చదరానికి ఒకటి నుంచి పదహారు వరకు మరొక అంకె ఇచ్చారు. అక్షరాలైనా అంకెలైనా వాయవ్య మూల నుంచి మొదలై నిలువు వరుసల్లో కిందికి దిగుతాయి. ఈ లెక్కన హైదరాబాదు నగరం 56 కె/7, 56 కె/11 షీట్లలోను, అరకు 65 జె/15లోను పడతాయి. బొర్రా గుహలు 83 డిగ్రీల రేఖాంశానికి కాస్త తూర్పున ఉన్నందువల్ల అవి పక్కనున్న 65 ఎన్ భాగంలోకి వెళ్తాయి. అంటే అరకు, బొర్రా రెండింటినీ కలిపే నడకకు ఒక్క షీటు చాలదు. కొత్త ఓపెన్ సిరీస్‌లో ఇదే ప్రాంతం ఇ44తో మొదలయ్యే సంఖ్యల కింద దొరుకుతుంది.

పూర్తి షీటు ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు. దాన్నంతా మోయనవసరం లేదు. ఒక ఏ4 కాగితం మీద దాదాపు 10 కిలోమీటర్ల వెడల్పు, 14 కిలోమీటర్ల పొడవు ఉన్న నేల పడుతుంది కనుక ఒక రోజు నడకకు అది సరిపోతుంది. ముద్రించేటప్పుడు కాగితానికి సరిపోయేలా బొమ్మను కుదించే ఏర్పాటును తప్పనిసరిగా తీసివేసి, నూరు శాతం పరిమాణంలోనే ముద్రించాలి. ముద్రించిన వెంటనే స్కేలు పెట్టి ఒక గడిని కొలవాలి: కిలోమీటరు గడి సరిగ్గా రెండు సెంటీమీటర్లు రాకపోతే ఆ కాగితాన్ని పక్కన పడేయడం మేలు, ఎందుకంటే దాని మీద కొలిచిన ప్రతి దూరమూ అబద్ధమే అవుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు చెమట చేతికే చెదిరిపోతుంది. జిరాక్సు దుకాణంలో లేజర్ ప్రింటు తీయించడం ఉత్తమం. మనం కత్తిరించుకున్న భాగంలో పటం అంచున ఉండే స్కేలు, సూచిక, సర్వే చేసిన సంవత్సరం రావు. వాటిని కాగితం వెనుక చేత్తో రాసుకోవాలి. సర్వే సంవత్సరం ఎందుకు ముఖ్యమో ముందు ముందు చెప్తాను.

పటంలో ఏమి ఉందో చదవకుండా దాని మీద రాయడం మొదలుపెట్టకూడదు. గోధుమ రంగు కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. ప్రతి ఐదో రేఖ మందంగా ఉంటుంది. రేఖలు దగ్గరగా ఉంటే నిట్రం, దూరంగా ఉంటే మెల్లని వాలు. రేఖలన్నీ ఒక చోట మొనదేలి ఎత్తువైపు చూస్తుంటే అది వాగు లోయ, పల్లంవైపు చూస్తుంటే అది గట్టు వెన్ను. 20 మీటర్ల లోపు మిట్ట ఒక్క రేఖను కూడా దాటకపోవచ్చు. కాబట్టి పటంలో కనిపించని గుట్ట ఎదురైందని దారి తప్పామనుకోవద్దు. నీలం గీత ఏడాది పొడవునా పారే నీటిని, నల్ల గీత ఎండిపోయే వాగును సూచిస్తాయి. చెరువు కట్ట పక్కన 5ఆర్ అని ఇంగ్లీషు అక్షరంతో కనిపిస్తే ఆ కట్ట పక్క నేలకంటే ఐదు మీటర్లు ఎత్తుందని అర్థం, సముద్రమట్టం నుంచి కాదు. చిన్న త్రిభుజంలో చుక్క ఉన్న చోటు సర్వేవారు కోణాలు కొలిచిన స్థానం. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ కొలిచిన ఆధార రేఖతో మొదలైన త్రిభుజాల గొలుసుకు వారసులే ఆ గుర్తులు. అవి నలుదిక్కులా చూపు ఆనే శిఖరాల మీద ఉంటాయి కనుక మన దిక్సూచి పనికి కూడా అవే ఉత్తమమైన గురి.

ఇంటి దగ్గర పెట్టవలసిన గుర్తులు

ఒక 2బి పెన్సిలు, మంచి రబ్బరు, ఆరంగుళాల పారదర్శకమైన స్కేలు, మూరెడు దారం చాలు. బాల్‌పెన్ను వద్దు, దాని గీత చెరగదు, తడిస్తే అలుక్కుపోతుంది. పటాన్ని లామినేషన్ చేయిస్తే పెన్సిలు పట్టదు, ప్లాస్టిక్ మీద రాసే ఓహెచ్‌పీ పెన్ను కావాలి, మడిచిన చోట పగులుతుంది. మందమైన పాలిథిన్ కవరులో మడిచిన కాగితం పెట్టుకొని, అవసరమైనప్పుడు బయటికి తీసి రాయడమే నాకు అన్నిటికంటే బాగా కుదిరింది. రంగు కావాలనుకునేవారు ఎరుపు, గోధుమ రంగుల జోలికి పోకూడదు. తెల్లవారకముందే బయల్దేరేవారు తలకు కట్టుకొనే దీపాన్ని ఎర్ర వెలుతురులో పెడుతుంటారు. ఆ వెలుగులో ఎర్ర గీతలు కనిపించవు, గోధుమ రంగు కాంటూర్లు కూడా దాదాపు మాయమవుతాయి.

దారి గీతను బాట మీద గీయకుండా దాని పక్కన, రెండు మిల్లీమీటర్ల ఎడంతో, మలుపుల దగ్గర మాత్రమే చిన్న చిన్న ముక్కలుగా గీయాలి. దారంతో బాట వంపులను అనుసరిస్తూ కొలిచి, ప్రతి కిలోమీటరుకు ఒక అడ్డగీటు పెట్టి అంకె వేయాలి. దారి కలిసే చోటు, వాగు దాటే చోటు, కనుమ, ఊరి పొలిమేర లాంటి ఆనవాళ్లను చుక్కతో కాక చిన్న సున్నాతో గుర్తించాలి; సున్నా లోపల ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది, చుక్క పెడితే గుర్తు పెట్టిన వస్తువే చెరిగిపోతుంది.

వీటికంటే విలువైనదీ, చాలామంది పెట్టనిదీ మరొక గుర్తు ఉంది. ప్రతి మజిలీకి అవతల, అక్కడికి చేరామంటే గమ్యం దాటిపోయామని తెలియజేసే ఆనవాలు ఒకటి వెతికి, దాని పక్కన అడ్డంగా రెండు గీతలు గీయాలి. కనుమ దగ్గర ఎడమకు తిరగాలి అని రాసుకోవడం సగం పనే. తిరగకుండా పోతే అర కిలోమీటరులో నీలం గీత వాగు ఎదురవుతుంది, అక్కడ ఆగి వెనక్కి రావాలి అని రాసుకుంటేనే పని పూర్తయినట్టు. బొర్రా, అరకు మధ్య నడిచేవారికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఇలాంటి హద్దుగా ఎంతో అక్కరకు వస్తుంది. అయితే సొరంగాలున్న చోట రైలు దారి కొండ కడుపులోకి పోతుంది, పైన నడిచేవాడు పట్టాలను చూడకుండానే వాటిని దాటేస్తాడు. పటంలో ఆ భాగాలను ముందే గుర్తించి హద్దు జాబితా నుంచి తీసేయాలి. పట్టాల మీదుగా నడవడం నేరమూ, ప్రాణాపాయమూ కూడా.

అంచున ఖాళీగా ఉన్న చోట మజిలీల చిన్న పట్టిక రాసుకోవాలి: దూరం, ఎక్కుడు, దిక్కోణం (ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచే కోణం), పట్టే సమయం. సమయానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు ఐదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. మన పటం మీదకు మార్చుకుంటే ప్రతి రెండు సెంటీమీటర్లకు 12 నిమిషాలు, ఎక్కేటప్పుడు దాటే ప్రతి కాంటూరు రేఖకు రెండు నిమిషాలు. 700 మీటర్ల రేఖ నుంచి 1,000 మీటర్ల రేఖ వరకు ఎక్కుతూ నాలుగు కిలోమీటర్లు నడవాలంటే దూరానికి 48 నిమిషాలు, పదిహేను రేఖలకు 30 నిమిషాలు, మొత్తం 78 నిమిషాలు. ఇది చల్లని దేశంలో, గట్టి కాళ్లకు కట్టిన లెక్క. మన ఎండలో, వీపున బరువుతో, పొదల మధ్య దీనికి సగం అదనంగా కలుపుకోవడం నా అలవాటు. మొదటి గంట నడిచాక అసలు పట్టిన సమయాన్ని లెక్కతో పోల్చి, ఆ నిష్పత్తిలో మిగతా పట్టికను దిద్దుకోవాలి.

నడుస్తూ రాసే చిట్టా

బయల్దేరే చోట పటాన్ని నేలకు సమానంగా తిప్పి పట్టుకోవాలి. ఉత్తరం పైకి ఉండాలన్న బడి అలవాటును వదిలేసి, మనం దక్షిణానికి నడుస్తుంటే పటంలోని దక్షిణాన్ని మన ముందుకు తిప్పుకోవాలి. అక్షరాలు తలకిందులైనా ఫరవాలేదు, కుడివైపు కొండ పటంలోనూ కుడివైపే ఉండడం ముఖ్యం. మనమున్న చోట బొటనవేలు ఆనించి, నడుస్తున్నకొద్దీ వేలిని జరుపుతూ పోవాలి. చూపు నేల మీదికి పోయి తిరిగి వచ్చినప్పుడు వెతుక్కోనవసరం లేకుండా చేసే ఈ చిన్న అలవాటుకు సాటి వచ్చే పరికరం లేదు.

ప్రతి ఆనవాలు దగ్గరా, అది అదేనని రెండు సాక్ష్యాలతో తేల్చుకున్నాక మాత్రమే, సున్నా మీద ఒక టిక్కు పెట్టి పక్కన సమయం రాయాలి. కనుమ వచ్చిందన్నది ఒక సాక్ష్యం. కనుమకు తూర్పున త్రిభుజం గుర్తున్న శిఖరం కనిపించడం రెండోది. కొట్టువాడు ఖాతా రాసినట్టు ఇది వరుసగా సాగాలి. దారి తప్పినవాడికి కావలసింది తాను ఇప్పుడు ఎక్కడున్నానన్న సమాచారం కాదు, చివరిసారి నిశ్చయంగా ఎక్కడ, ఎన్ని గంటలకు ఉన్నానన్నది. అది తెలిస్తే, అప్పటి నుంచి గడిచిన నిమిషాలను బట్టి ఎంత దూరంలోపు ఉండవచ్చో లెక్కకట్టి, ఆ చోటు చుట్టూ ఒక వృత్తం గీయవచ్చు. మనం ఆ వృత్తంలోనే ఉంటాం.

ఈ నియమం నాకు చేదుగా తెలిసింది. మబ్బు దిగిన ఒక ఉదయం గట్టు వెన్ను మీద నడుస్తూ, మూడో కనుమ దగ్గర కిందికి దిగవలసి ఉండగా, అలసట వల్ల రెండోదాన్నే మూడోదిగా ఒప్పుకొని టిక్కు పెట్టాను. పటంలో కనుమకు ఉత్తరాన వాగు ఉంది, నా ముందు కూడా వాగు ఉంది. కొండల్లో ఏ కనుమకైనా పక్కన వాగు ఉంటుందన్న మాట అప్పుడు తోచలేదు. రెండు గంటలు దిగాక ఎండిన జలపాతం అంచున నిలబడి, టిక్కు ఉంది కదా, దారి సరైనదే అని నాకు నేనే వాదించుకున్నాను. నా చేతి రాతే నాకు సాక్ష్యమై కూర్చుంది. అప్పటి నుంచి రెండు రకాల గుర్తులు వాడుతున్నాను: తేల్చుకున్నదానికి టిక్కు, అనుకున్నదానికి ప్రశ్నార్థకం. వరుసగా రెండు ప్రశ్నార్థకాలు పడితే ముందుకు పోకుండా చివరి టిక్కు దగ్గరికి తిరిగి వెళ్లాలి. తోటివారికి ఇది చాదస్తంగా కనిపిస్తుంది, ఫరవాలేదు.

దిక్సూచి, కావాలనే పక్కకు నడవడం

మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ పటం ఉత్తరానికీ తేడా స్వల్పం, ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉంటుంది. ఒక డిగ్రీ తప్పు కిలోమీటరుకు 17 మీటర్లు మాత్రమే కనుక మామూలు నడకలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఈ అలవాటుతో విదేశాల్లో నడిచే తెలుగువారు మాత్రం అక్కడి పటం అంచున రాసిన తేడాను తప్పక చూడాలి, కొన్ని దేశాల్లో అది పది డిగ్రీలు దాటుతుంది. మన దగ్గర అసలు శత్రువు జేబులోని ఫోను, దాని అయస్కాంతపు మూత, పక్కనే ఉన్న విద్యుత్ తీగలు. బయ్యారం లాంటి ఇనుప ఖనిజపు గుట్టల మీద సూదిని నమ్మే ముందు నాలుగు అడుగులు జరిగి మళ్లీ చూసుకోవాలి.

చేత్తో పట్టిన దిక్సూచితో పొదల్లో నడిస్తే ఐదు డిగ్రీలు తప్పడం సహజం, అంటే రెండు కిలోమీటర్లకు దాదాపు 175 మీటర్లు. వాగు మీద ఉన్న చిన్న వంతెనకు నేరుగా గురిపెట్టి నడిచి, వాగు చేరాక వంతెన కనిపించకపోతే అది కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో చెప్పేవారుండరు. అందుకే వంతెనకు 300 మీటర్లు ఎడమగా, అంటే పటం మీద ఆరు మిల్లీమీటర్ల అవతల, కావాలనే గురిపెట్టాలి. వాగు తగలగానే సంకోచం లేకుండా కుడికి తిరిగితే వంతెన వస్తుంది. ఈ తప్పుడు గురిని పటం మీద చిన్న గుణకారపు గుర్తుతో వేసి, అక్కడి నుంచి తిరగవలసిన వైపు బాణం గీయాలి. గీయకపోతే రెండు గంటల తర్వాత ఎటు తప్పదలిచామో మనకే గుర్తుండదు.

ఉన్న చోటు తెలియనప్పుడు, కనిపించే రెండు గుర్తుపట్టిన శిఖరాలకు దిక్కోణాలు తీసి, ఒక్కొక్కదానికి 180 కలిపి, మొత్తం 360 దాటితే 360 తీసివేసి, ఆ కోణంలో శిఖరం నుంచి మన వైపు గీతలు గీయాలి. గీతలు కలిసే చోట మనం ఉంటాం. రెండు శిఖరాల మధ్య కోణం తొంభైకి దగ్గరగా ఉంటే కలిసే చోటు స్పష్టంగా వస్తుంది. ముప్పై కంటే తక్కువైతే గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయి ఏమీ తేలదు. మూడో గీత గీస్తే మూడూ ఒక చోట కలవక చిన్న త్రిభుజం వస్తుంది. అది పెద్దదిగా ఉందంటే ఒక శిఖరాన్ని తప్పుగా గుర్తుపట్టామని అర్థం.

ఎవరికైనా ఫోనులో మన చోటు చెప్పవలసి వస్తే గళ్ల సంఖ్యలు చదవాలి: ముందు ఎడమ నుంచి కుడికి పెరిగేవి, తర్వాత కింది నుంచి పైకి పెరిగేవి. గడిని మనసులో పది భాగాలు చేసి మూడేసి అంకెలు చెప్తే నూరు మీటర్ల లోపు చోటు తెలుస్తుంది. పటం మీద ఆ నూరు మీటర్లు రెండు మిల్లీమీటర్లు. జీపీఎస్ అంకెలను పాత షీటు మీద వేసేవారు ఒక సంగతి గమనించాలి. పాత షీట్లు ఎవరెస్టు గోళాభం అనే భూమి ఆకారపు నమూనా ఆధారంగా, కొత్తవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 నమూనా ఆధారంగా గీసినవి కనుక మన ప్రాంతంలో ఈ రెంటి మధ్య స్థానం నూరు మీటర్లకు మించి జరుగుతుంది. రెండు వాగుల మధ్య నిలబడినవాడికి అది చిన్న తేడా కాదు.

పటాన్ని దిద్దడం

సర్వే సంవత్సరం ఇక్కడ పనికొస్తుంది. శ్రీశైలం జలాశయం నిండకముందు సర్వే చేసిన షీటులో కృష్ణ ఒడ్డున ఊళ్లు, బాటలు, గుళ్లు నిక్షేపంగా ఉంటాయి. నేల మీద ఇప్పుడవి నీళ్ల కింద ఉన్నాయి. కాంటూర్లు, శిఖరాలు, పెద్ద వాగులు మారవు. రోడ్లు, అడవి అంచులు, ఊళ్ల పరిమాణం మారతాయి. కాబట్టి పాత షీటులో నేల ఆకారాన్ని నమ్మి, మనుషులు కట్టినవాటిని అనుమానించాలి. బయల్దేరే ముందు ఉపగ్రహ చిత్రంతో పోల్చి కొత్త రోడ్లను చుక్కల గీతతో చేర్చుకోవాలి. ఊరి పేర్ల ఇంగ్లీషు వర్ణక్రమం ఒక్కోసారి పలుకుబడికి ఆమడ దూరంలో ఉంటుంది. స్థానికులను అడిగి, వారు పలికినట్టే తెలుగులో పక్కన రాసుకుంటే తర్వాతి ఊళ్లో దారి అడగడం సులువవుతుంది. గిరిజన గూడేల పేర్ల విషయంలో ఇది మరీ అవసరం.

మోటారు సైకిలు మీదనో కారులోనో తిరిగేవారికి ఇంత తతంగం అక్కర్లేదు. రోడ్ల అట్లాసులో మలుపులకు సున్నాలు చుట్టి, వాటి మధ్య కిలోమీటర్లు రాసుకొంటే చాలు. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మారాయి కనుక పాత అట్లాసులో విజయవాడ, విశాఖల మీదుగా పోయే 5 ఇప్పుడు 16 అనీ, హైదరాబాదు–విజయవాడ 9 ఇప్పుడు 65 అనీ పెన్సిలుతో దిద్దుకోవాలి. కిలోమీటరు రాయి తలకు పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి; పటంలో అనుకున్న రోడ్డు మీదే ఉన్నామో లేదో ఆ రంగే చెబుతుంది.

ఇంటికి చేరిన రోజే, చెమటకు మెత్తబడిన కాగితాన్ని ఆరబెట్టి, దాని మీది టిక్కులను, దిద్దుబాట్లను ఒక శుభ్రమైన ప్రతి మీదికి ఎక్కించాలి. ప్రశ్నార్థకాలను ఎక్కించకూడదు. నీరు దొరికిన వాగు పక్కన ఏ నెలలో దొరికిందో రాయాలి; నవంబరులో నిండుగా పారిన వాగు ఏప్రిల్‌లో ఇసుక కావచ్చు. మూసుకుపోయిన బాటకు అడ్డంగా రెండు గీతలు గీసి, పక్కన సంవత్సరం వేయాలి. ఆ ప్రతిని మడవకుండా గొట్టంలా చుట్టి ఉంచి, మరుసటిసారి వెళ్లేవారికి దాని జిరాక్సు ఇవ్వాలి.